ఇంటి వెనక పెంటదిబ్బకి ఇంత చరిత్ర ఉంది

ఎరువు తోలకాల రోజులొచ్చాయి కాబట్టి ఈసారి దిబ్బ గురించి రాస్తున్నాను. దిబ్బ అంటే అదేనండీ, పెంటదిబ్బ. పేరు వినగానే ముక్కు మూసుకునే వాళ్ళు ఈ పోస్టు చదవక్కర్లేదు. మీరూ నేనూ దాని మీద పండిన గింజే తిని పెరిగాం.

"పూర్వం ఊళ్ళో చెత్తే ఉండేది కాదు" అని అందరూ అంటుంటారు. నేను ఒప్పుకోను. చెత్త ఉండేది. దానికి ఒక చోటుండేది, ఏడాదికోసారి ఆ చోటు ఖాళీ అయ్యేది. ఇప్పుడు చెత్తా ఉంది, చోటూ ఉంది, కానీ ఖాళీ కావట్లేదు. ఈ తేడా ఎలా వచ్చిందన్నదే నేను చెప్పబోయే కథ.

ఈ దిబ్బ ఎంత పాతదో చెబితే మీకు ఆశ్చర్యమేస్తుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే ఊరుంది, అనంతపురం జిల్లాలో పాలవాయి అనే ఊరుంది. అలాంటి చోట్ల, అవతల కర్ణాటకలో బళ్ళారి వైపు కూడా, పెద్ద పెద్ద బూడిద దిబ్బలున్నాయి. రాక్షసుల్ని కాల్చిన బూడిద అని జనం కథలు చెప్పుకునేవాళ్ళు. చదువుకున్న దొరలు కొందరు అగ్నిపర్వతం అన్నారు, కొందరు ఇనుము కరిగించిన చోటు అన్నారు. చివరికి 1957లో ఆల్చిన్ అనే ఇంగ్లీషు పండితుడు ఉట్నూరు దిబ్బ తవ్వి చూస్తే అదంతా ఆవుపేడ. వేల ఏళ్ళ కిందట మందల్ని దొడ్లో కట్టేసి, పేరుకున్న పేడని అప్పుడప్పుడూ తగలబెట్టారు. ఆ పొరల్లో పశువుల గిట్టల అచ్చులు కూడా అలాగే ఉన్నాయి. అంటే దాదాపు అయిదు వేల ఏళ్ళ నాడే మన నేల మీద పేడ గుట్టలు పడ్డాయన్నమాట. వాళ్ళు ఎందుకు తగలబెట్టారో, పూజో, శుభ్రమో, దాని మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే అంత పేడ బూడిదైపోయిందే అని ప్రాణం ఉసూరుమంటుంది.

మన భాషలోనే చూడండి. పెంట అంటే ఎరువు, పెంట అంటే ఊరు కూడా. నల్లమలలో చెంచుల గూడేలను ఈనాటికీ పెంటలనే అంటారు, అప్పాపూర్ పెంట అలాంటిదే. ఊరు ఖాళీ అయిపోయిన పాత చోటుని పాటి అంటారు కదా, ఆ పాటిమన్ను బళ్ళకెత్తి చేలకి తోలుకున్నారు మన పెద్దలు. వందల ఏళ్ళు మనుషులూ పశువులూ కాపురం చేసిన చోటులో ఎంత సత్తువ ఉంటుందో వాళ్ళకి తెలుసు.

ఇక ఇంటి సంగతి. ఏ వస్తువు ఎటు పోయేదో మీకు గుర్తుండే ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయ తొక్కులు అన్నీ కుడితి తొట్టిలోకి. గేదె తాగితే పాలు, పేడ. పొయ్యిలో బూడిద అంట్లు తోమడానికి, మిగిలింది దిబ్బకి. కచ్చికతో పళ్ళు తోముకునేవాళ్ళం. కొబ్బరి పీచు అంట్లకి, చిప్ప పొయ్యిలోకి. విస్తరాకులో తిని దిబ్బ మీద పారేస్తే రెండు నెలలకి అదెక్కడుందో తెలిసేది కాదు. అమ్మ పాత చీరలు బొంత అయ్యేవి. బొంత చిరిగితే పశువు కింద పరిచే గుడ్డ, అదీ అయిపోతే మసిగుడ్డ. కొట్టులో పప్పు కాగితం పొట్లంలో కట్టి పురికొస చుట్టిస్తే, ఆ పురికొసని ఉండగా చుట్టి గూట్లో దాచేవాళ్ళు. ఆ ఉండ తరిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

కిరసనాయిలు డబ్బా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన తాతల కాలంలో విదేశీ కంపెనీలు కిరసనాయిలుని నాలుగు గ్యాలన్ల చదరపు రేకు డబ్బాల్లో పోసి, రెండేసి డబ్బాలు ఒక చెక్కపెట్టెలో పెట్టి పంపేవి. నూనె అయిపోయాక డబ్బాకి అసలు జీవితం మొదలయ్యేది. కావడికి కట్టి నీళ్ళు మోశారు, గింజలు పోశారు, అడ్డంగా కోసి చేట చేశారు, సాగగొట్టి కోళ్ళగూటికి కప్పేశారు. చెక్కపెట్టె బల్ల అయ్యేది. అమ్మిన వాడు కలలో కూడా అనుకోని వాడకాలు కొన్నవాడు కనిపెట్టాడు. మన కాలంలో యూరియా సంచులు విప్పి కుట్టి పట్టాలు చేసుకోలేదూ, అదే బుద్ధి.

ఇదంతా గొప్ప సంస్కారం అని పొగడటం నాకు ఇష్టం లేదు. కొనే స్తోమత లేక దాచుకున్నారు. దిబ్బ ఇంటి పక్కనే ఉండి ఈగలూ దోమలూ జ్వరాలూ వచ్చేవి. పేడ ఎత్తే చాకిరీ అంతా ఆడవాళ్ళ మీద, పాలేళ్ళ మీద పడేది. అది మర్చిపోయి పాత రోజులే బంగారం అనడం తప్పు. కానీ ఆ చుట్టు తిరిగే పద్ధతి ఉంది చూడండి, పొలం నుంచి ఇంటికి, ఇంటి నుంచి దిబ్బకి, దిబ్బ నుంచి మళ్ళీ పొలానికి, అది మాత్రం ఒప్పుకోవాల్సిందే.

ఆ చుట్టుకి మొదట గండి పడింది పొయ్యి దగ్గర. 1889లో ఇంగ్లండు ప్రభుత్వం వోల్కర్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్తని ఇక్కడికి పంపింది, ఈ దేశపు రైతుకి ఏం నేర్పాలో చూసి రమ్మని. ఏడాదికి పైగా తిరిగి 1893లో పెద్ద నివేదిక ప్రచురించాడు. అందులో ఏం రాశాడు? ఇక్కడి రైతు వెనకబడినవాడేం కాదు, చాలా చోట్ల అతని పని మా వాళ్ళకేం తీసిపోదు, అతనికి లేనివి వసతులు అన్నాడు. పేడని పిడకలు చేసి ఎందుకు కాలుస్తున్నాడంటే తెలివిలేక కాదు, కట్టెలు దొరక్క అన్నాడు. అడవులు సర్కారు చేతిలోకి పోయాక కట్టె ఎక్కణ్ణుంచి వస్తుంది? పిడక కాలిస్తే నత్రజని పొగలో పోతుంది, బూడిదలో భాస్వరం పొటాష్ లాంటివి మిగులుతాయి. అందుకే కట్టె కోసం, మేత కోసం ఊళ్ళ దగ్గర చెట్లు పెంచండి, పేడ పొలానికి మిగులుతుంది అని సలహా ఇచ్చాడు. సలహా కాగితాల్లోనే ఎక్కువ కాలం ఉంది.

తర్వాత వచ్చినాయన ఆల్బర్ట్ హోవర్డ్. రైతు బిడ్డ, ఇంగ్లండు. 1905లో బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థకి వచ్చాడు. మనకి పాఠాలు చెప్పడానికి వచ్చి, చుట్టుపక్కల రైతుల్ని, పంటకి పట్టే పురుగుల్ని తన గురువులుగా పెట్టుకున్నానని తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన భార్య గాబ్రియెల్ కూడా శాస్త్రవేత్తే, ఇద్దరూ కలిసి గోధుమ రకాల మీద పనిచేశారు. 1924లో ఇండోరులో కొత్త పరిశోధనా సంస్థ పెట్టి 1931 దాకా అక్కడున్నాడు. అక్కడ తయారైందే ఇండోర్ పద్ధతి. యశ్వంత్ వాడ్ అనే మన దేశపు రసాయన శాస్త్రవేత్త ఆయనతో కలిసి పనిచేశాడు. 1931లో వచ్చిన పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మనవాళ్ళు హోవర్డ్‌నే తలుచుకుంటారు, వాడ్ పేరు ఎవరూ ఎత్తరు.

పద్ధతి వింటే ఇంతేనా అంటారు. పెద్ద గొయ్యి, కానీ లోతు రెండడుగులు మించకూడదు. మించితే లోపలికి గాలి ఆడదు. మూడు వంతులు చెత్త, ఒక వంతు పేడ. కొట్టంలో పశువుల మూత్రం పీల్చిన మట్టి, కొంచెం కట్టెబూడిద. తడిపి పొరలు పొరలుగా వేయాలి, తొక్కి గట్టిచేయకూడదు. రెండు వారాలకోసారి, నెలకోసారి, రెండు నెలలకోసారి, మొత్తం మూడుసార్లు తిరగెయ్యాలి. మూడు నెలలకి నల్లటి పొడి ఎరువు. లోపల 60 డిగ్రీలు దాటిన వేడి పుడుతుంది కాబట్టి గడ్డి విత్తనాలు, ఈగల పిల్లలు చస్తాయి. పత్తికట్టె లాంటి గట్టివి ఎలా కుళ్ళుతాయి అంటారా? వాటిని బండిదారిలో పరిచేవాడు. బండి చక్రాలు, ఎద్దుల గిట్టలు వాటిని నలిపేవి. తర్వాత పశువు కింద పరుపు, ఆ తర్వాత గొయ్యి. ఇవాళ పత్తికట్టె తగలబెట్టేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు. బండ్లు లేకపోతేనేం, ట్రాక్టరు టైర్లు లేవా?

మన దిబ్బకీ ఆయన గొయ్యికీ తేడా ఎక్కడ? మన దిబ్బ వానకి తడిసి, సారం కాలవలోకి కారిపోతుంది. అడుగున కుళ్ళు, పైన ఎండు. ఏడాది పెట్టినా సగం చెత్త చెత్తగానే ఉంటుంది. మన పని మంచిదే, కొలత లేదు. ఆయన కొలత పెట్టాడు. తర్వాత బెంగళూరులో ఆచార్య అనే శాస్త్రవేత్త పట్టణాల చెత్తకి పనికొచ్చేలా, గొయ్యి నింపి పైన మట్టి మెత్తి, తిరగెయ్యకుండా ఆరేడు నెలలు వదిలేసే పద్ధతి చెప్పాడు. కూలీలు దొరకని వాళ్ళకి అదే నయం.

ఇంత జరిగాక దిబ్బకి మంచిరోజులు రావాలి కదా. రాలేదు. 1951లో సింద్రీ కర్మాగారం నుంచి రసాయన ఎరువు మొదలైంది, 1967లో మన విశాఖపట్నంలో కోరమాండల్ వచ్చింది. కొత్త వంగడాలకి బస్తా ఎరువు కావాలి, పంట కూడా పండింది, కాదనడానికి లేదు. ఆ తర్వాత ట్రాక్టర్లొచ్చి ఎద్దులు పోయాయి. కోత మిషన్లొచ్చి గడ్డి చేలోనే పడింది. ఒక విచిత్రం చూడండి. వోల్కర్ కోరుకున్నట్టు పిడకలు కాల్చడం తగ్గింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చాక ఇంటింటికీ గ్యాసు పొయ్యి వచ్చింది. పేడ పొలానికి మిగలాల్సిన రోజు వచ్చేసరికి కొట్టంలో పశువు లేదు!

అయినా దిబ్బని చంపింది యూరియా కాదు. కవరు.

చేతిసంచీలాంటి ప్లాస్టిక్ కవరుని తయారుచేసింది స్వీడన్‌లో థూలిన్ అనే ఇంజనీరు. 1965లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. కాగితం సంచుల కోసం చెట్లు నరుకుతున్నారు, ఇదైతే మళ్ళీ మళ్ళీ వాడొచ్చు అన్నది ఆయన ఉద్దేశమట. ఆయన జేబులో ఎప్పుడూ ఒకటి మడిచి పెట్టుకునేవాడని కొడుకు చెప్పాడు. మనం దాన్ని కొట్టు నుంచి ఇంటిదాకా, అరగంట వాడతాం. 1983లో తమిళనాడు కడలూరు నుంచి చిక్ షాంపూ చిన్న ప్యాకెట్లో వచ్చింది. పేదవాడికి కూడా రూపాయిలోపు షాంపూ అందింది, అది మంచిదే. కానీ కుంకుడుకాయ పిప్పి దిబ్బలో కలిసిపోయేది, ప్యాకెట్ కలవదు. కాగితం పొట్లం కట్టిన కొట్లో ఇప్పుడు అంతా కవరే.

చట్టాలు లేకపోలేదు. 1999లో కవరు మందం 20 మైక్రాన్లు ఉండాలన్నారు, 2011లో 40, 2016లో 50, 2021లో 75, 2022 చివరి నుంచి 120. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, ప్లేట్లు లాంటి ఒకసారి వాడి పారేసేవి నిషేధం. మైక్రాన్లు పెరిగాయి, మా ఊరి పెళ్ళిళ్ళలో గ్లాసులు తగ్గలేదు.

నష్టం పట్నంవాడికన్నా మనకే ఎక్కువ. నిరుడు మా పక్కచేనాయన ఎరువు కొని తోలించాడు. చల్లాక చూస్తే చేనంతా కవర్లు, సీసా పెంకులు, పిల్లల డైపర్లు. నాటు వేసే కూలీల కాళ్ళు కోసుకున్నాయి. మా వీధిలో ఒక గేదె మేత మానేసి చచ్చిపోతే, డాక్టరు కోసి చూసి కడుపులోంచి గంపెడు కవర్లు తీశాడు. ఇంట్లో మిగిలిన అన్నం కవర్లో కట్టి పారేసింది ఎవరు? మనమే. ఒక్క గుప్పెడు ప్లాస్టిక్ కలిస్తే బండెడు ఎరువు చెడుతుంది. తగలబెట్టేస్తే పోతుందంటారు కొందరు. పోదు, ఆ పొగ మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మా ఇంట్లో చేస్తున్నది చెబుతాను, పెద్ద విద్యేం కాదు. వంటింటి బయట మేకుకి ఒక ఖాళీ యూరియా సంచి తగిలించాం. (2018 నుంచి 45 కేజీలే ఇస్తున్నారు కానీ సంచి బానే ఉంది.) కవర్లు, ప్యాకెట్లు, నూనె పౌచ్‌లు అన్నీ అందులోకి. నిండాక పంచాయతీ ట్రాక్టరుకి. ఆంధ్రాలో సంపద తయారీ కేంద్రాలని, తెలంగాణలో పల్లె ప్రగతి కింద డంపింగ్ యార్డులని షెడ్లు కట్టారు. కొన్ని నడుస్తున్నాయి, కొన్ని తాళాలేసి ఉన్నాయి. మీ ఊరిది తాళం వేసి ఉంటే గ్రామసభలో అడగండి, అది మన డబ్బు. తొక్కులు, చిమ్మిన కసువు, ఆకులు గొయ్యిలోకి. కొట్టుకి పోతే గుడ్డసంచి. మా ఆవిడ పాత ప్యాంట్లు కోసి కుట్టింది, ఎన్ని కేజీలైనా మోస్తుంది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. అన్నీ తిరిగి వాడకూడదు. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా నూనెకీ నీళ్ళకీ వాడొద్దు. మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు మందు ట్యాంకులోనే పోసి, డబ్బాకి బెజ్జం కొట్టెయ్యండి. గట్టి డబ్బా వృథా అవుతోందే అని మనసు పీకుతుంది, పీకనివ్వండి.

దిబ్బలు వేసుకునే పోరంబోకు స్థలాల్లో ఇప్పుడు ఇళ్ళు లేచాయి. ఇంటి వెనక చోటు లేనివాళ్ళు చేలో ఒక మూల, చెట్టు నీడన, నీళ్ళు నిలవని చోట పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గొయ్యి తీయండి. పశువు లేకపోతే ఉన్నవాళ్ళ దగ్గర నాలుగు గంపల పేడ అడగండి, ఇవ్వరా? ఉగాదికి నింపి, ఎండలకి ఆరిపోకుండా అప్పుడప్పుడూ నీళ్ళు చల్లి, మూడుసార్లు తిరగేస్తే తొలకరి దుక్కికి అందుతుంది.