ముద్ర కంటే సంఘమే బలం
కాఫీ, మిరియాలు, పసుపు రైతుకు న్యాయమైన ధర దక్కే దారి

కోల్‌బెల్టులో షిఫ్టు దిగిన కార్మికుడు ముందుగా చేరేది టీ కొట్టుకే. రామగుండం, గోదావరిఖని నేలలో తేయాకు గాని, కాఫీ గాని పండవు. అవి దూరపు కొండల నుంచి రావలసిందే. ఆ కొండల్లో పండించిన వారికి దక్కేదెంత అన్న ప్రశ్న వచ్చినప్పుడు 'సేంద్రియ', 'ఫెయిర్ ట్రేడ్' ముద్రల ప్రస్తావన వస్తుంది. ఈ రెండూ ఒకటేనన్న భావన చాలామందిలో ఉంది. నిజానికి అవి వేర్వేరు హామీలు.

రెండు ముద్రలు.. రెండు హామీలు

సేంద్రియ ముద్ర పంట పండించిన తీరుకు సంబంధించినది. రసాయనిక ఎరువులు, పురుగుమందులు వాడలేదని అది ధ్రువీకరిస్తుంది. ఇందుకోసం మన దేశంలో 2001 నుంచి జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం నిబంధనలు అమలవుతున్నాయి. పసుపు వంటి ఏడాది పంటలకు సాధారణంగా రెండేళ్లు, కాఫీ, మిరియాల వంటి బహువార్షిక పంటలకు మూడేళ్లు మార్పిడి కాలం ఉంటుంది. ఈ కాలంలో దిగుబడి తగ్గవచ్చు, సేంద్రియ పంటకు దక్కే పూర్తి ధర మాత్రం రాదు. రైతుకు అసలు పరీక్ష ఇదే.

ఫెయిర్ ట్రేడ్, అంటే న్యాయమైన వాణిజ్యం, పంటను కొనే తీరుకు సంబంధించినది. 1988లో నెదర్లాండ్స్‌లో మెక్సికో రైతుల కాఫీతో ఈ ముద్ర మొదలైంది. మార్కెట్ పడిపోయినా ఇంతకు తగ్గించి కొనరాదన్నది దీని మూలసూత్రం. 2001లో అంతర్జాతీయ విపణిలో అరబికా కాఫీ పౌండు 50 సెంట్ల లోపునకు పడిపోయి లక్షలాది చిన్న రైతులను దెబ్బతీసింది. 2025 ఫిబ్రవరిలో అదే కాఫీ 4 డాలర్లు దాటింది. ఇంతటి ఒడుదొడుకుల్లో కనీస ధర రక్షణగా నిలుస్తుంది. 2023 ఆగస్టు నుంచి శుద్ధి చేసిన అరబికాకు పౌండుకు 1.80 డాలర్ల కనీస ధర, సేంద్రియమైతే అదనంగా 40 సెంట్లు, సంఘానికి ప్రీమియంగా 20 సెంట్లు నిర్ణయించారు. మార్కెట్ ధర ఎక్కువగా ఉంటే ఆ ధరే చెల్లించాలి.

తోట కార్మికుల మాటేమిటి?

ఈ విధానంలో కాఫీ ప్రధానంగా చిన్న రైతుల సంఘాల నుంచే వస్తుంది. తేయాకు విషయంలో పెద్ద తోటలకూ అవకాశం ఉంది. అక్కడ ప్రీమియం సొమ్ము యజమానికి చెందదు. కార్మికులు ఎన్నుకున్న కమిటీ దాని ఖర్చును నిర్ణయిస్తుంది. సంస్థ లాభాల్లో ఏటా వాటా అందుకునే సింగరేణి కార్మికులకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. అయితే వాటా ఎంత అన్నదానితో పాటు లెక్క ఎవరి చేతిలో ఉన్నదన్నదీ ఇక్కడ ముఖ్యమే.

అరకు చెప్పే పాఠం

తెలుగునాట ఇందుకు చక్కని ఉదాహరణ అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు లోయ. ఇక్కడి గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీని, ఆ చెట్లకే పాకించి మిరియాలను పండిస్తున్నారు. ఒకప్పుడు దళారి చెప్పినదే ధర. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయక సహకార సంఘం ఏర్పడింది. పండిన పండ్లను రైతుల వద్దే తూకం వేసి కొనడం, ఒకేచోట శుద్ధి చేయడం దీని పద్ధతి. నాణ్యత పెరగడంతో బేరమాడే శక్తి వచ్చింది. 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇబ్బందులూ లేకపోలేదు. 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయతొలుచు పురుగు బయటపడింది. సేంద్రియ తోటలో రసాయన మందు చల్లరాదు. పురుగు పట్టిన కాయలను ఏరి నాశనం చేయాలి, ఎర బుట్టలు పెట్టాలి, రాలిన కాయలను వదలకుండా తీసివేయాలి. ఒక్క రైతు ఈ పని చేసి పక్క రైతు చేయకపోతే ఫలితం ఉండదు. ఊరంతా ఒక్కమాట మీద కదలాలి.

మన జిల్లాలకు దగ్గరి దారి

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పత్తి రైతులు 2000 దశకంలోనే చేతన ఆర్గానిక్ ద్వారా ఈ బాట పట్టారు. పొరుగునే ఉన్న జగిత్యాల, నిజామాబాద్ జిల్లాలు పసుపు పంటకు పేరెన్నికగన్నవి. 2025లో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది.

అయితే ముద్ర పడినంత మాత్రాన పంటంతా మంచి ధరకు అమ్ముడుపోదు. కొనేవారు ముందుకు వచ్చిన మేరకే ఆ ధర దక్కుతుంది. తనిఖీల రుసుమును సంఘమే భరించాలి. ప్రకటించిన కనీస ధర సంఘానికి అందేదే గాని, ఖర్చులు పోగా మిగిలినదే రైతు చేతికి వస్తుంది. అందుకే లెక్కలు అందరికీ తెలిసేలా ఉండాలి.

కాబట్టి పసుపు రైతులు ముద్ర కోసం పరుగెత్తేముందు సంఘంగా ఏర్పడడం అవసరం. ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం ఒకేచోట చేపట్టాలి. ఏ రైతు పొలంలో ఏమి వాడారో పుస్తకంలో రాసుకోవాలి. మార్పిడి కాలంలో నష్టాన్ని తట్టుకునేందుకు పొలమంతా కాక కొంత భాగంతో మొదలుపెట్టడం మేలు. అయితే ఆ భాగాన్ని మిగతా పొలం నుంచి స్పష్టంగా వేరుచేసి ఉంచాలి. సంఘం నిలదొక్కుకుంటే ముద్ర వెనకే వస్తుంది. సంఘం లేని ముద్ర సంచి మీది బొమ్మగానే మిగిలిపోతుంది.