మొక్కలు పీకిన చేపలు

1849లో లండన్‌లోని అపోతెకరీస్ హాల్‌లో పనిచేసే రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ పన్నెండు గ్యాలన్ల గాజు పాత్రలో, అంటే 54 లీటర్ల నీళ్లలో, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. అడుగున ఇసుక, గులకరాళ్లు పరిచి వాలిస్‌నేరియా మొక్క నాటాడు. నీళ్లు మార్చకుండా చేపలు ఎన్నాళ్లు బతుకుతాయో చూడాలన్నది ఆయన పట్టుదల. కొన్నాళ్లకు ముదురాకులు కుళ్లి నీళ్లు మసకబారాయి. చెరువు నత్తలు తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకు తిన్నాయి, వాటి గుడ్లు చేపలకు మేతయ్యాయి, నీళ్లు తేటపడ్డాయి. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన ఆ చేప, మొక్క, నత్తల సంసారం గురించి 1850లో కెమికల్ సొసైటీకి నివేదించాడు.

అక్వేరియం కథ చెప్పేవాళ్లు చాలామంది ఈ పాత్ర దగ్గరే మొదలుపెడతారు. సిక్లిడ్లు అనే చేపల కుటుంబం గురించి చెప్పడానికి నేనూ ఇక్కడికే వచ్చాను. ఎందుకంటే ఆ సంసారంలో సిక్లిడ్‌కు చోటు లేదు. చాలా జాతుల సిక్లిడ్లు మొక్కను వేళ్లతో సహా పెళ్లగిస్తాయి. పెద్దవి నత్తను కూడా వదలవు. వారింగ్టన్ కూర్చిన మూడింటిలో రెంటిని అవతల పడేస్తే, వాటి పని ఎవరు చేయాలి? ఆ పనిని యంత్రాలూ, వాటి వెనక కంటికి కనిపించని జీవులూ ఎలా అందుకున్నాయన్నదే సిక్లిడ్ పెంపకం చరిత్ర అని నేను అనుకుంటాను.

ముందు అర్ధ శతాబ్దం వారింగ్టన్ సూత్రానిదే రాజ్యం. 1853లో లండన్ రీజెంట్స్ పార్క్ జంతుశాలలో ఫిష్ హౌస్ తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ పుస్తకంతో ఆ మాట ఇంటింటికీ చేరింది. ఇనుప చట్రం, పుట్టీతో అతికిన గాజు, కిటికీలోంచి పడే వెలుగు, నాలుగు మొక్కలు ఉంటే చాలనుకున్నారు. చల్లటి నీళ్లలో బతికే చిన్న చేపలకు నిజంగానే అది చాలింది.

1894లో దక్షిణ అమెరికా నుంచి చాంచితో అనే చేప జర్మనీ చేరింది. అంతకు చాలా ముందే, బీగిల్ ఓడ ప్రయాణంలో చార్లెస్ డార్విన్ సేకరించిన నమూనాల ఆధారంగా లియొనార్డ్ జెనిన్స్ 1842లో దాన్ని వర్ణించాడు. స్పానిష్‌లో చాంచితో అంటే పందిపిల్ల. ఇళ్లలో పెంపకానికి వచ్చిన తొలి సిక్లిడ్‌గా దీన్నే చెప్పుకుంటారు. పేరుకు తగ్గట్టే అడుగంతా తవ్విపోస్తుంది. తవ్వకం దాని అల్లరి కాదు, దాని ఇల్లు. ఆలుమగలు కలిసి రాయి నోటితో శుభ్రం చేసి గుడ్లు పెడతాయి. ఇసుకలో గుంటలు తవ్వి, పొదిగిన పిల్లలను నోటితో ఎత్తి అందులో దాస్తాయి. ఆ చుట్టుపక్కలకు మరో చేపను రానివ్వవు. గుడ్లు వదిలేసి తమ దారిన పోయే చేపలనే చూసినవాళ్లకు ఈ కాపలా కొత్త. మొక్కలు పోతే పోయాయి, ఈ చేపను మాత్రం వదులుకోలేం అనుకున్నవాళ్లు తయారయ్యారు. కొన్ని దశాబ్దాల తర్వాత కోన్రాడ్ లోరెంజ్, గెరార్డ్ బేరెండ్స్ వంటి జంతుప్రవర్తన శాస్త్రజ్ఞులు సిక్లిడ్ల తొట్ల ముందు కూర్చుని చూసింది కూడా ఈ కాపురాన్నే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెజాన్ ఏంజెల్ చేపలు, 1920ల్లో డిస్కస్‌లు అనే సిక్లిడ్లు వచ్చాక వెచ్చదనం సమస్య ముందుకొచ్చింది. తొట్టి అడుగును పలకరాయితోనో రేకుతోనో చేసి, కింద గ్యాస్ మంటో, స్పిరిట్ దీపమో పెట్టేవాళ్లు. మంట పెద్దదైతే చేప ఉడికిపోతుంది, ఆరిపోతే తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. 1920లు, 30ల్లో వచ్చిన విద్యుత్ హీటర్, దానితో జతకట్టిన థర్మోస్టాట్ ఆ రాత్రి కాపలా తప్పించాయి. దాన్నీ సిక్లిడ్లు పరీక్షకు పెట్టాయి. బాగా ఎదిగిన ఆస్కార్ అనే సిక్లిడ్ తోక కొడితే గాజు హీటర్ పగిలిపోతుంది. అందుకే ప్లాస్టిక్ తొడుగులు వచ్చాయి, హీటర్‌ను తొట్టి బయట సంప్ అనే వేరే తొట్టిలో పెట్టే అలవాటూ వచ్చింది.

వెచ్చదనం దొరికింది, ఎయిర్ పంపుతో గాలీ దొరికింది. అయినా చేపలు చచ్చిపోతూనే ఉండేవి. ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టి ఆపేది ఈ ఘట్టమే. చేప మొప్పల ద్వారా అమోనియా వదులుతుంది. మిగిలిన మేత కుళ్లి మరికొంత చేరుస్తుంది. అది విషం. దాన్ని ఏది విరిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు 1877లోనే పారిస్‌లో దొరికింది. ష్లోజింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక గుండా మెల్లగా పోనిచ్చారు. కొన్ని వారాలకు అందులోని అమోనియా నైట్రేట్‌గా మారడం మొదలైంది. క్లోరోఫామ్ ఆవిరి తగిలించగానే ఆ మార్పు ఆగిపోయింది. మత్తుమందుకు లొంగిందంటే అది ప్రాణమున్నదే అయి ఉండాలి.

తర్వాత ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మరొకాయన ఆ మార్పు రెండు మెట్లలో జరుగుతుందని చూపించాడు. ముందు అమోనియా నైట్రైట్ అవుతుంది, తర్వాత నైట్రైట్ నైట్రేట్ అవుతుంది, ఒక్కో మెట్టుకూ వేరే సూక్ష్మజీవి ఉంటుంది. ఆయన పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. గోల్డ్‌ఫిష్ పాత్ర పెట్టినాయన కొడుకు. తండ్రి గాజు పాత్రలో మొక్కనూ నత్తనూ చూశాడు. ఇసుక రేణువులను అంటుకుని అదే పాత్రలో పనిచేస్తూ ఉండాల్సినవాటి జాడ కొడుకు పొలం మట్టిలో పట్టుకున్నాడు. 1890 ప్రాంతంలో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ ఆ జీవులను విడదీసి పెంచగలిగాడు. ఇంత జరిగినా ఈ సంగతి చేపలు పెంచేవాళ్ల ఇళ్లకు చేరడానికి మరో రెండు తరాలు పట్టింది. మూసి ఉన్న తొట్లలో నీటి నిర్వహణ గురించి స్టీఫెన్ స్పాటీ రాసిన పుస్తకం 1970లో వచ్చింది. ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ కాదు, బ్యాక్టీరియా కాపురముండే గూడు అన్న మాట ఆ రోజుల్లోనే జనంలో నాటుకుంది.

ఈ మాట తెలియక పోగొట్టుకున్న చేపలు నాకూ ఉన్నాయి. మా ఇంట్లో ఆదివారం వస్తే తొట్టి మొత్తం ఖాళీ చేసేవాళ్లం. గులకరాళ్లు వేడినీళ్లలో, ఫిల్టర్ స్పాంజ్ కుళాయి కింద తళతళలాడేలా కడిగి, క్లోరిన్ వాసన వచ్చే కొత్త నీళ్లు నింపి, చేపలకు పండగ చేశామనుకునేవాళ్లం. బుధవారానికి ఒకటి పైకి తేలేది. ఒక ఆస్కార్ మూడేళ్లు నా చేతి నుంచి మేత తిని, అలాంటి ఒక శుభ్రమైన ఆదివారం తర్వాతే పోయింది. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

1950ల నుంచి వ్యాపించిన అండర్‌గ్రావెల్ ఫిల్టర్ కొడుకు వారింగ్టన్ కనుగొన్నదానికి అచ్చమైన రూపం. గులకరాళ్ల కింద చిల్లుల పలక ఉంటుంది. గాలి బుడగలు నీటిని పైకి లాగుతుంటే తొట్టిలోని నీళ్లన్నీ రాళ్ల మధ్యగా కిందికి దిగుతాయి. అడుగే ఫిల్టర్. చిన్న చేపలకు అద్భుతంగా పనిచేసింది. సిక్లిడ్ వచ్చి ఒక మూల గుంట తవ్వితే పలక బయటపడుతుంది. నీళ్లు అడ్డులేని ఆ దారినే పోతాయి. మిగతా రాళ్లలో బ్యాక్టీరియాకు గాలి అందదు. గులకరాళ్ల మధ్యలో ప్లాస్టిక్ వల పరిచి చూశారు. చివరకు ఫిల్టర్‌ను అడుగు నుంచే తప్పించి, గొట్టాలతో తొట్టి బయట డబ్బాలో పెట్టడమే దారి అయింది. 1960ల నుంచి ఐహైమ్ వంటి జర్మన్ కంపెనీల క్యానిస్టర్ ఫిల్టర్లు, తర్వాత సంప్‌లు ఆ పని చేశాయి. అదే కాలంలో సిలికాన్ జిగురు వచ్చి ఇనుప చట్రాన్ని, తుప్పును, కారే పుట్టీని వదిలించింది. నాలుగడుగులు, ఆరడుగుల తొట్లు ఇంట్లో పెట్టుకోవడం మామూలు మనుషులకు సాధ్యమైంది.

సరిగ్గా అప్పుడే ఆఫ్రికా సరస్సులు తలుపు తీశాయి. 1960ల్లో మలావీ సరస్సు నుంచి, 1971 నుంచి బురుండీలో పియెర్ బ్రిషార్ ద్వారా టాంగాన్యికా నుంచి చేపలు విమానాల్లో బయల్దేరాయి. రాళ్ల మీది నాచు గీక్కుని తినే మలావీ చేపలను అక్కడివాళ్లు ‘ంబూనా’ అంటారు. సముద్రపు చేపలతో పోటీపడే ఆ నీలం, పసుపు రంగులు చూసి మంచినీటి తొట్టి పెట్టినవాళ్లు మతిపోగొట్టుకున్నారు. అయితే ఈ సరస్సుల నీళ్లు క్షార గుణం ఉన్నవి. మలావీలో పీహెచ్ దాదాపు 8, టాంగాన్యికాలో 9 దరిదాపుల్లో ఉంటుంది. ఇక్కడే ఒక రసాయన చిక్కు ఉంది. నీటిలో ఉన్న అమోనియా అంతా విషం కాదు. 25 డిగ్రీల వేడి దగ్గర పీహెచ్ 7 అయితే అందులో విషరూపంలో ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు. 8 అయితే ఐదు పాళ్లు. 9 అయితే 36 పాళ్లు. కొలతలో అంతే అమోనియా డిస్కస్ తొట్టిలో చిన్న లోపమైతే, టాంగాన్యికా తొట్టిలో సామూహిక మరణం. ఆఫ్రికా సిక్లిడ్లు పెంచేవాళ్లు ఫిల్టర్ విషయంలో ఎందుకంత పట్టుపడతారో ఈ మూడు అంకెలే చెబుతాయి.

వాళ్లు ఫిల్టర్‌ను మరో పనికీ వాడుకున్నారు. ంబూనా మగచేప తన రాయి దగ్గరికి ఎవరు వచ్చినా తరుముతుంది. సరస్సులో ఓడినది పారిపోతుంది, తొట్టిలో ఎక్కడికి పోతుంది? పెద్ద తొట్టిలో చేపల సంఖ్య పెంచితే ఏ ఒక్కదాని మీదా కోపం నిలవదని అనుభవం నేర్పింది. ఒక మగకు మూడు నాలుగు ఆడవి, ఒకదాని కంట ఒకటి పడకుండా గుట్టలుగా రాళ్లు పేర్చాలి. ఆ రాళ్లు ఇసుక మీద కాదు, నేరుగా అడుగు పలక మీద ఆనాలి. కింద తవ్వితే గుట్ట కూలుతుంది. అంత జనాభా వదిలే మలినాన్ని మోయగల ఫిల్టర్ లేకపోతే ఆ కిటుకు ఒక వారం కూడా పనిచేయదు.

డిస్కస్ దారి దీనికి ఎదురు. అమెజాన్ ఉపనదుల మెత్తటి, ఆమ్ల నీటి చేప అది. తల్లిదండ్రులు గుడ్లు తినేస్తున్నాయని పెంపకందార్లు గుడ్లను విడదీసేవాళ్లు. పొదిగిన పిల్లలు ఏ మేతా ముట్టకుండా చనిపోయేవి. తల్లి, తండ్రి ఒంటి మీద ఊరే జిగురే వాటి తొలి ఆహారమని హిల్డెమాన్ 1959లో శాస్త్ర పత్రికలో రాశాడు. మన తీరంలోనే దీనికి దూరపు చుట్టం ఉంది. భారతదేశానికి సొంతమైన సిక్లిడ్లు మూడే. వాటిలో ఒకటైన ఆరెంజ్ క్రోమైడ్ పిల్లలూ పెద్దల ఒంటిని గీరి జిగురు తింటాయని 1967లో వార్డ్, బార్లో వివరించారు. ఆ మూడింటిలో మరొకటైన గ్రీన్ క్రోమైడ్‌నే కేరళలో కరిమీన్ అంటారు. వీటికి దగ్గరి బంధువులు మడగాస్కర్ నదుల్లో ఉన్నాయి.

దక్కను మీద చాలా ఊళ్లలో బోరు నీళ్లు గట్టివి, క్షార గుణం ఉన్నవి. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే ఆ నీళ్లు మలావీ చేపలకు పుట్టింటి నీళ్లలాంటివి. అవే నీళ్లలో డిస్కస్ పిల్లలు తీయాలంటే ఆర్వో నీళ్లు కలపాల్సిందే. మన దగ్గర హీటర్ కన్నా ఏప్రిల్, మే ఎండలే బెంగ పెడతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. కరెంటు పోయిందా, మూసిన క్యానిస్టర్ డబ్బాలో గంటల్లోనే బ్యాక్టీరియాకు ఊపిరాడదు. తిరిగి స్విచ్ వేస్తే ఆ కుళ్లు తొట్టిలోకి వస్తుంది. అందుకే ఖరీదైన ఫిల్టర్ పక్కన ఇన్వర్టర్ మీద నడిచే ఎయిర్ పంపు, దానికో స్పాంజ్ ఫిల్టర్ తప్పనిసరి అంటాను.

ఒక మాట కోపంగానే చెబుతాను. 1990ల్లో మలేషియాలో సంకరం చేసి పుట్టించిన ఫ్లవర్‌హార్న్ అనే సిక్లిడ్‌ను, నెత్తిమీద బొడిపె అదృష్టం తెస్తుందని చెప్పి మన ఊళ్లలోనూ అమ్ముతున్నారు. అడుగు పొడవు ఎదిగే చేపను రెండడుగుల పెట్టెలో ఒంటరిగా ఉంచడం చేపను పెంచడం కాదు.

సూక్ష్మజీవుల కథ ఇంకా ముగియలేదు. నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. మంచినీటి అక్వేరియంలలో ఆ పని నైట్రోస్పైరాదని 1998లో టిమొతీ హోవనెక్ బృందం చూపింది. 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు చేపల పెంపక కేంద్రం ఫిల్టర్‌లోనే, అమోనియాను ఒంటిచేత్తో నైట్రేట్ దాకా తీసుకెళ్లగల నైట్రోస్పైరాను కనుగొన్నారు. కొడుకు వారింగ్టన్ చెప్పిన రెండు మెట్లనూ ఒకే జీవి ఎక్కుతోందన్నమాట.

కొత్త తొట్టిలో ఈ జీవులు వాటంతట అవే స్థిరపడాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ ఎదురుచూపు తగ్గించడానికి మనవాళ్లకు చెప్పకుండానే అర్థమయ్యే దారి ఒకటుంది. పాలు తోడుపెట్టడానికి పక్కింటి నుంచి చెంచాడు పెరుగు తెచ్చుకున్నట్టే, బాగా నడుస్తున్న తొట్టి నుంచి వాడిన స్పాంజ్ ముక్క అడిగి తెచ్చుకోవాలి. మొన్న మా వీధి చివరి కుర్రాడు వచ్చి, ‘అంకుల్, నాలుగడుగుల ట్యాంక్ పెట్టాను, యెల్లో మలావీలు తెద్దామని’ అన్నాడు. నా పాత ఫిల్టర్ నుంచి గోధుమరంగు తేలిన స్పాంజ్ ఒకటి తీసి, తొట్టి నీళ్లతోనే పాలిథిన్ కవర్లో వేసి, కుళాయి కింద కడగొద్దురా అని రెండుసార్లు చెప్పి ఇచ్చాను.