అంటు పోయింది, గింజ మిగిలింది

హైదరాబాద్‌లో తోటల పేర్లకు కొదవ లేదు. జాంబాగ్, బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి. తోటలే లేవు. సీతాఫల్‌మండిలో రైల్వే స్టేషన్ ఉంది, సీతాఫలాల మండీ లేదు. 1591లో చార్మినార్‌తో మొదలైన ఈ ఊరిని 17వ శతాబ్దంలో చూసిపోయిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దీన్ని బాగ్‌నగర్ అనే రాసుకున్నాడు. రాజమహలు మిద్దెల మీద కూడా తోటలు పెంచారని, అంత పెద్ద చెట్ల బరువును కింది కమాన్లు ఎట్లా మోస్తున్నాయోనని ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు ఆ చెట్లూ లేవు, ఆ కమాన్లూ లేవు.

నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. పెళ్లయి గౌలిపురాకు వచ్చిన నాటినుంచీ శాలిబండ, అలియాబాద్, లాల్‌దర్వాజ గల్లీల్లో నడుస్తూ గోడల మీదుగా బయటికి వంగిన కొమ్మలను చూడడం నాకు అలవాటు. చూడగా చూడగా తేలిందేమంటే, పాతబస్తీలో మిగిలిన పండ్ల చెట్లలో చాలావరకు ఎవరూ కొని తెచ్చి నాటినవి కావు. తిని ఊసిన గింజ మొలిచి చెట్టయినవి. అందులో పెద్దపీట సీతాఫలానిది.

దేవిడీల (నవాబుల పెద్ద ఇళ్ల) సంగతి వేరు. నవాబులకు మామిడి మోజు. హిమాయత్, జహంగీర్, ఆజముస్సమర్ పేర్లు చెబితే ఇప్పటికీ పాత ఖాన్దానుల ముసలివాళ్ల ముఖాలు వెలుగుతాయి. కానీ ఆ రకాల టెంక పాతితే ఆ పండు రాదు. మన మామిళ్లలో చాలావాటి టెంకలో ఒకే పిండం ఉంటుంది, అది రెండు చెట్ల కలయికతో పుట్టింది. దానికి ఏ కాయ కాస్తుందో ఏండ్ల తరబడి నీళ్లు పోసి, పూత పూసి, కాయ పండితే గానీ తెలియదు. ఎక్కువసార్లు పీచుకాయే. అందుకని మాలీలు కుండీలో టెంక మొలిపించి, ఆ కుండీని మంచె కట్టి మంచి చెట్టు కొమ్మ ఎత్తుకు లేపి, మొలక బెరడూ కొమ్మ బెరడూ చెక్కి, రెంటినీ దగ్గర చేర్చి బిగించి కట్టేవాళ్లు. అతుక్కునేదాకా ఆ కుండీకి రోజూ నీళ్లు అందాలి. అతుక్కున్నాక పైకొమ్మను తల్లినుంచి కోసి దించాలి. ఒక్క అంటు మామిడి వెనక ఒక మాలీ, ఒక బావి, ఒక కాపలావాడు, వాళ్లందరికీ జీతమిచ్చే ఒక జాగీరు ఉండాలి.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. రద్దు కావలసిందే, ఆ జాగీర్ల కింద నలిగిన పల్లెల్లోనే మా పుట్టింటివాళ్లూ ఉన్నారు. కానీ దానితోపాటు మాలీ జీతం కూడా ఆగింది. దేవిడీలు వాటాలయ్యాయి, వాటాలు ప్లాట్లయ్యాయి. సాలార్‌జంగుల దివాన్ దేవిడీలో మొదట మ్యూజియం పెట్టారు. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కొత్త భవనానికి పోయింది, దేవిడీ ఉన్న చోట ఇప్పుడు బట్టల దుకాణాలు. చంద్రాయణగుట్ట పక్కన బర్కస్ జామతోటలకు వేరే కథ ఉంది గానీ ముగింపు అదే. నిజాం ఫౌజులో కొలువుకు యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ అది. బర్కస్ జామకాయ అంటే ఊరంతా ఎగబడేది. జనం పెరిగారు, అన్నదమ్ములు వేరుపడ్డారు, తోటలు ఇళ్లయ్యాయి.

సీతాఫలానికి జాగీరు అక్కర్లేదు. అదే దాని బలం.

ఈ చెట్టు పుట్టుక మీద పెద్ద పండితులే కొట్టుకున్నారు. అది అమెరికా ఖండపు చెట్టని, పోర్చుగీసు ఓడల్లో మన దేశానికొచ్చిందని వృక్షశాస్త్రం వాళ్లు చెబుతారు. పురావస్తు శాఖ పెద్ద అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ ఒప్పుకోలేదు. భర్హుత్, మధుర శిల్పాల్లో సీతాఫలం ఉందని వాదించాడు. మన నిజాం రాజ్యంలోనే ఉండిన అజంతాను కూడా ఆ వాదనలో సాక్ష్యానికి పిలిచారు. రాతిలో చెక్కిన బుడిపెల కాయ సీతాఫలమే కావాలని ఏముంది, పనసపిందె కాకూడదా అని నాకనిపిస్తుంది. ఏ దారిన వచ్చినా దక్కన్ గుట్టలు దీన్ని సొంతం చేసుకున్నాయి. దౌలతాబాద్, బీడ్, పాలమూరు, ఈ మూడు సీతాఫలం సీమలూ ఒకప్పుడు నిజాం ఏలుబడిలోనివే. మూడుచోట్లా నేల ఒకటే తీరు: రాయి, గరప, తక్కువ వాన.

ఆ నేలలో ఎట్లా బతికింది? ఎండాకాలం ఆకు రాల్చేసి దాహం తగ్గించుకుంటుంది. బండ సందులో పిడికెడు మట్టి చాలు. అన్నిటికన్నా ముఖ్యం, దీని ఆకును మేక ముట్టదు. మేకలు తిరిగే గుట్టమీద మేక తినని చెట్టుకు ఎదురేముంది? ఇక గింజ. నల్లగా నిగనిగలాడే ఆ గింజలు ఒక్కో కాయలో పదులకొద్దీ ఉంటాయి. పెంకు గట్టిది. ఎండబెట్టి దాస్తే మూడు నాలుగేండ్లు చావదు. పండులోంచి తీసిన పచ్చి గింజకన్నా వారం ఆరిన గింజే బాగా మొలుస్తుంది. మొలవడానికి నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మామిడికి తేడా ఇక్కడే. సీతాఫలం గింజ చెట్టు చాలామట్టుకు తల్లినే పోలి కాస్తుంది, అదీ మూడో ఏడో నాలుగో ఏడో కాస్తుంది. అంటు కట్టే పనే లేకపోయింది.

అన్ని గింజలూ ఈ ఊళ్లో ఇట్లా బతకవు. మా చుట్టాలబ్బాయి సిమ్లా పోయి అడవి ఆపిల్ గింజలు పొట్లం కట్టుకొచ్చి, పెరట్లో పెడదాం పెద్దమ్మా అన్నాడు. చిన్నచిన్న పుల్లటి కాయలు కాసే ఆ చెట్టును అక్కడ గింజనుంచి పెంచి, ఆ మొలకల మీద మంచి ఆపిళ్లను అంటు కడతారు. దాని గింజ రెండు మూడు నెలలు తడిచలిలో నిద్రపోతే గానీ కన్ను తెరవదు. ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపుచ్చవచ్చు. కానీ చెట్టుకు కూడా ఏటా చలి నిద్ర కావాలి కదా! గౌలిపురాలో దానికి అంత చలి ఎక్కడినుంచి తేను?

పాతబస్తీకి సీతాఫలం గుట్టలమీదినుంచి రైల్లో దిగేది. పాలమూరు లైనులో జడ్చర్ల, బాలానగర్, షాద్‌నగర్, తర్వాత ఫలక్‌నుమా. బాలానగర్ అంటే కూకట్‌పల్లి దగ్గరి ఫ్యాక్టరీల బాలానగర్ కాదు, పాలమూరు బాలానగర్. దేశంలో ఎక్కడ సీతాఫలం పుస్తకం తెరిచినా రకం కింద ఆ పేరే ఉంటుంది. ఒక పల్లె పేరు గుట్టమీది గింజ చెట్టు వల్ల అంత దూరం పోయింది. బతుకమ్మ నాటికి ఫలక్‌నుమా స్టేషన్ బయట గంపలు దిగేవి. ఆకులు పరిచి, కాయలు పేర్చి, పైన మళ్లీ ఆకులు కప్పి తెచ్చేవాళ్లు పాలమూరు ఆడవాళ్లు. మా అత్తమ్మ కాయను అరచేతిలో తిప్పి కండ్లు చూసేది. బుడిపెల మధ్య గీతలు తెల్లగా విచ్చుకుంటే కండ్లు పడ్డట్టు, అది మాగుతుంది. కండ్లు పడని కాయ ఎన్నిరోజులు బియ్యంలో పెట్టినా నల్లబడి గట్టిపడుతుంది తప్ప పండు కాదు. బేరంలో ఆమెను మించినవాళ్లు లేరు, ఒక కాయైనా కొసరు తీసుకోకుండా లేచేది కాదు.

పండ్లు తిన్నాక ఒక్క గింజా పోయేది కాదు. "కడిగి గచ్చుమీద ఆరబెట్టు బిడ్డా" అనేది. కొన్ని మాత్రం నూరి పేలకు తలకు పట్టించేవాళ్లు ఆ రోజుల్లో. ఆ పని మీరు చెయ్యకండి. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డుకే దెబ్బ, చూపు పోయే ప్రమాదం ఉంది. మిగతా గింజలు డబ్బాలో వేసి మృగశిర దాకా ఉంచేది. గోడకవతలి ఖాలా కూడా అంతే. వాళ్ల ఇంటి పిల్లలు గింజలు మోరీలోకి ఊస్తే "బీజాఁ ఫేంకో నక్కో" (గింజలు పారేయకండి) అని కేకేసేది. వానలు పడగానే రెండిళ్ల ఆంగనాల్లో గోడవారగా గుంటలు పడేవి. ఎవరి గింజ ఎవరిదో లెక్క ఉండేది కాదు. కొమ్మ ఎటు వంగితే కాయ వాళ్లది. తిన్నవాళ్లకు జలుబు చేస్తే మాత్రం రెండిళ్లలోనూ ఒకటే మాట, సీతాఫలం సలువ చేసింది అని.

ఈ ఊరు మరిచిపోలేని చెట్టు కూడా అంటుది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చింత ఇంకా నిలిచి ఉంది. అటువంటి చింతలను ఏ నవాబూ పేరుపెట్టి పెంచలేదు.

ఇప్పుడు సీతాఫలానికీ అంటు రోజులొచ్చాయి. మహారాష్ట్రలో ఒక రైతు తయారుచేసిన ఎన్‌ఎంకే-01 గోల్డెన్‌లో గింజలు తక్కువ, గుజ్జు ఎక్కువ, ఎక్కువ రోజులు నిలుస్తుంది. బెంగళూరు పరిశోధన సంస్థ అర్కా సహన్ అనే సంకర రకం ఇచ్చింది. రైతుకు లాభం వస్తే నాకేం బాధ లేదు. తిని చూశాను, తీపి ఉంది, బాలానగర్ వాసన లేదు. అయినా ఆ కొత్త రకాల వేరు ఎవరిదనుకున్నారు? నాటు సీతాఫలం గింజ మొలిపించి, చాలాచోట్ల ఆ మొలక మీదే వాటిని అంటు కడుతున్నారు.

1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఒకప్పుడు ఊరి పండ్ల బజారు. పండ్ల బజారు అక్కడినుంచి గడ్డిఅన్నారం పోయింది, అక్కడినుంచి ఈమధ్య ఊరవతల బాటసింగారం పోయింది. మొజంజాహీలో మిగిలింది చేత్తో తిప్పే సీతాఫలం ఐస్‌క్రీమ్. పాతబస్తీలో ఆంగనాలు కూడా పోతున్నాయి. మా గల్లీలో కొత్తగా లేచిన ఇళ్లలో గేటు లోపల జానెడు మట్టి కనబడదు, బండి నిలపడానికి గ్రానైటు పరుస్తారు. ఖాలా వాళ్ల ఇల్లు అట్లాగే మూడంతస్తులయింది. గోడవార చెట్టు కొట్టేశారు. కొట్టినవాళ్లను ఏమనను, ఆ వాటాలో నలుగురు కొడుకుల కాపురాలున్నాయి. మొదలు మాత్రం తీయలేకపోయారు. గోడకూ మోరీకీ మధ్యనుంచి మరుసటేడు మళ్లీ చిగురేసింది.

ఈ దసరాకు సీతాఫలం తిన్నప్పుడు గింజలు చెత్తబండిలో వేయకండి. కడిగి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, సీసాలో పోసి మూత పెట్టండి. వచ్చే మృగశిరకు తీసి మూడు రోజులు నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చండి. అంగుళం లోతులో పెట్టండి. నెలదాకా మొలక రాలేదని తవ్వి చూడకండి. మూరెడు ఎదిగాక మట్టిగడ్డతో సహా తీసి, ఇంట్లో చోటు లేకపోతే గుడి వెనకో, దర్గా గోడవారో, బడి మూలో నాటండి. మొదటి ఎండాకాలం నీళ్లు పోస్తే చాలు, మేకలకు కంచె కూడా అక్కర్లేదు.