పీర్లు పెట్టెలో ఉన్న పదకొండు నెలలు

మొహర్రం దగ్గర పడుతోందంటే అనంతపురం పల్లెల్లో పీర్ల చావిడికి సున్నం పడుతుంది. ఏడాదంతా గుడ్డ చుట్టి పెట్టెలో దాచిన పీర్లను బయటికి తీసి, కడిగి, కొత్త దట్టీలు కట్టి నిలబెడతారు. ముందర గుండం తవ్వుతారు. చక్కెర చదివింపులకు జనం బారులు తీరతారు. పది పన్నెండు రోజులు ఊరికి వేరే ధ్యాస ఉండదు. చివరి రోజు పీర్లను నీటి దగ్గరికి సాగనంపే జలధి ముగిశాక అవి మళ్ళీ పెట్టెలోకి వెళ్తాయి, గుండం పూడుతుంది.

మరి తక్కిన పదకొండు నెలలు ఆ చావిడికి ఏం పని? ఈ కరువు సీమ చరిత్ర చాలావరకు ఆ పదకొండు నెలల్లోనే జరిగింది.

పలుకుబడిలో అది ‘సావిడి’. కన్నడం, తమిళం, మరాఠీల్లోనూ దాదాపు ఇదే మాట. కొన్ని ఊళ్ళలో పీర్ల చావిడే ఊరి చావిడి. కొన్నిచోట్ల రెండూ వేరు. కట్టడం మాత్రం ఈ నేలకు తగ్గట్టే ఉంటుంది. రాతి కంబాలు, వాటిమీద దూలాలు, పైన చవుడు మట్టి పరిచిన మిద్దె, మూడు పక్కలా గోడలు, ముందు తెరిచిన అరుగు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట ఇంటికప్పు ఏటవాలుగా ఉండాల్సిన అవసరం లేదు. మట్టి మిద్దె చాలు. అరుగు బండల మీద పులిజూదం గీతలు చెక్కి ఉంటాయి. ఎన్ని తరాల వేళ్ళు తిరిగాయో, ఆ గీతలు నున్నగా అరిగిపోయి కనిపిస్తాయి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పటినుంచి ఇది దత్తమండలం. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన పేరుతో రాయలసీమ అయింది. కంపెనీ పంపిన ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఉండి, ఊరూరా గుడారం వేసుకుని తిరిగి, పొలాలు కొలిపించి, రైతే నేరుగా శిస్తు కట్టే రైతువారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పాడు. ఆ పద్ధతికి ఊళ్ళో ఆధారం కరణం లెక్క. రైతు ఎదుట ఆ లెక్క విప్పే చోటు చావిడి. ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీ రోజున ఎవరి పొలం ఎంత, ఎవరికి మాఫీ, ఎవరు బకాయి అన్నది ఊరంతా వినేలా చదివేవారు. పంట పోయిన ఏడు మాఫీ కోసం బతిమాలుకున్న గొంతులూ అక్కడివే. 1876–78 నాటి ధాత కరువు ఈ నేల నెత్తురు పీల్చేసింది. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. కరువు గడిచిన కొన్నేళ్ళకు, 1882లో, వేరు జిల్లా అయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ‘ఊరంతా’ అన్నప్పుడు ఆ ఊరిలో మాలమాదిగ పేటలు లెక్కలోకి రాలేదు. తగాదా తీర్చేటప్పుడు వాళ్ళు అరుగు ఎక్కేవారు కాదు, కింద నిలబడి చేతులు కట్టుకుని వినేవారు. ఆడవాళ్ళు గోడ చాటున. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అని సామెత చెబుతుంది గానీ, రచ్చకెక్కే అర్హతే కొందరికి లేదు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థ దళిత పేటల్లోనే పిల్లలకు చదువు చెప్పించడం మొదలుపెట్టిందంటే, ఊరి చావిడి వాళ్ళకు ఎంత దూరమో ఊహించవచ్చు.

వాన రాని ఏడు చావిడికి మరో పని పడేది. విరాటపర్వం చదివిస్తే వాన కురుస్తుందన్నది తెలుగునాట పాత నమ్మకం. ఈ సీమలో దానికి బలం ఎక్కువ. రాత్రంతా చావిడి ముందు పురాణం, లేకపోతే నిమ్మలకుంట వంటి ఊళ్ళ నుంచి వచ్చిన తోలుబొమ్మలాట. దీపం ముందు కీచకుడు కూలేసరికి తెల్లవారుతుంది. వాన కురిసిందో లేదో వేరే సంగతి, ఎండిన చేనుని తలుచుకుంటూ ఎవరింట్లో వాళ్ళు పడుకోకుండా ఆ రాత్రి జనం ఒకచోట గడిపారు. వాన ఎంతకీ రాని ఏళ్ళూ ఉన్నాయి: 1952 నాటి కరువులో సీమ పల్లెలకు గంజి కేంద్రాలు వచ్చాయి. బావులు లోతు చేయడానికి సైన్యం కూడా దిగింది.

ఆ తర్వాత చావిడి చేతిలోని పనులు ఒక్కొక్కటే జారిపోయాయి. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలైంది. పంచాయతీకి సొంత గది, దానిమీద రేడియో మైకు. బడికి వేరే భవనం లేనంతవరకు పిల్లలు పీర్ల పెట్టె పక్కనే పలకలు పట్టుకుని కూర్చున్న ఊళ్ళు ఉన్నాయి. భవనం లేచాక వాళ్ళూ వెళ్ళిపోయారు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు రద్దు చేసింది. వారసత్వపు పెత్తనం పోవడం న్యాయమే. కానీ ఆ తర్వాత రెవెన్యూ కట్టలు మండల కార్యాలయానికి చేరాయి, రైతు ఆర్టీసీ బస్సెక్కడం నేర్చుకున్నాడు. 2011లో ‘రచ్చబండ’ అన్న పేరుతో ప్రభుత్వం ఒక కార్యక్రమం నడిపింది. 2019 అక్టోబరు 2 నుంచి ఊరికి గ్రామ సచివాలయం వచ్చింది, కంప్యూటరుతో, రంగు గోడతో. అందులో ధ్రువపత్రం దొరుకుతుంది. సాయంత్రం అయ్యేసరికి తాళం పడుతుంది. చావిడి అరుగుకు తాళం వేసే తలుపే లేదు; ఈ ఒక్క కారణానికే అది ఇంకా నిలబడి ఉందనిపిస్తుంది.

ఇప్పుడు అక్కడ మిగిలింది ముసలివాళ్ళు, బెంగళూరు వలస నుంచి పండక్కి వచ్చిన కుర్రాళ్ళ ఫోన్లు, ఎండకు ఆరబోసిన శెనక్కాయలు. మొహర్రం పది రోజులు మాత్రం అంతా మారిపోతుంది.

నార్పల మండలం గూగూడులో అయితే జిల్లా దాటి కర్ణాటక నుంచీ జనం వస్తారు. అక్కడి పీరు కుళ్ళాయిస్వామి; ఆయన చావిడి పక్కనే ఆంజనేయుడి గుడి. మొక్కులు చెల్లించేవారిలో హిందువులే ఎక్కువ. కుళ్ళాయి అంటే టోపీ; ఆ స్వామి పేరు పెట్టుకున్న కుళ్ళాయప్పలు, కుళ్ళాయమ్మలు ఈ జిల్లాలో రెండు మతాల్లోనూ కనిపిస్తారు. అఫ్సర్ మహమ్మద్ ఈ ఊరి పండుగ మీద రాసిన ఇంగ్లిషు గ్రంథాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం అచ్చువేసింది.

హిజ్రీ ఏడు మన ఏడుకంటే పదకొండు రోజులు చిన్నది. అందుకే పీర్ల పండుగ ఏటా ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్ళకు అదే కారులోకి తిరిగొస్తుంది. 1992లో జులైలో వచ్చింది, 2025లో మళ్ళీ జులై మొదటి వారంలోనే. అది శెనక్కాయ విత్తే అదను. విత్తనాలు ఇంట్లో మూటకట్టి, గొర్రు సిద్ధం చేసుకుని, గుండం తొక్కిన కాళ్ళు కడుక్కుని రైతులు చావిడి అరుగు మీద కూర్చున్నారు, నైరుతి దిక్కు మబ్బు చూస్తూ.