పరహేజ్ సజా కాదు

అమ్మీకి బీపీ ఉందని తేలిన వారం మా దస్తర్‌ఖాన్ మీద మాతం వాతావరణం. ఖట్టీ దాల్‌లో ఉప్పు లేదు. అచార్ డబ్బా అల్మారా పైకెక్కింది. పాపడ్ బంద్. అమ్మీ రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపింది. "యె పరహేజ్ నై బాబా, సజా హై" అంది.

అబ్బాను ఫాలిజ్ తీసుకుపోయిన ఇల్లు మాది. అందుకే ఆ మాట నన్ను గుచ్చింది. పరహేజ్ ఎప్పట్నుంచి సజా అయింది? తవారీఖ్ తిరగేశాను.

యునానీ తిబ్‌లో ఇలాజ్ బిల్ గిజా, అంటే తిండితో వైద్యం, పాత తరీఖా. కానీ హకీమ్ చేతిలో ఉన్నది నబ్జ్ మాత్రమే, అంకె కాదు. ఆ అంకె 1896లో ఇటలీ డాక్టర్ రివా రోచీ చేతికి కట్టే పట్టీతో మొదలైంది. 1905లో రష్యా డాక్టర్ కొరొట్కోవ్ స్టెతస్కోప్‌తో వినే పద్ధతి చెప్పాడు. మధ్యలో 1904లో పారిస్‌లో అంబార్, బోజార్ అనే ఇద్దరు ఉప్పుకూ బీపీకీ రిష్తా ఉందన్నారు. చాలామంది పట్టించుకోలేదు.

పట్టించుకోకపోతే ఏమవుతుందో రూజ్‌వెల్ట్ కథ చెబుతుంది. 1944 మార్చిలో అమెరికా సదర్ బీపీ 186/108. గుండె నీరసించింది. ఉప్పు తగ్గించమన్నారు, డిజిటాలిస్ ఇచ్చారు. అప్పటికి బీపీని దించే మంచి మాత్ర లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో నరం చిట్లి ఇంతెఖాల్ అయ్యాడు. దునియాలోనే తాకత్‌వర్ మనిషికి దొరకని దవా ఈరోజు మన గల్లీ మెడికల్ షాపులో దొరుకుతుంది.

ఆ రోజుల్లోనే నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టర్ ఉన్నాడు. హిట్లర్ జర్మనీ నుంచి పనాహ్ కోసం వచ్చిన యూదుడు. 1939 నుంచి ముదిరిన బీపీ మరీజులకు అన్నం, పండ్లు, పండ్లరసం, చక్కెర మాత్రమే పెట్టాడు. ఉప్పు దాదాపు లేదు. రెండు వారాలే తినాల్సిన ఒక మరీజు ఆయన జర్మన్ యాస అర్థం కాక రెండు నెలలు తిన్నదట. తిరిగొచ్చేసరికి బీపీ దిగింది, పెరిగిన గుండె చిన్నదైంది. తిండికి ఇంత తాకత్ ఉందని ఎక్స్‌రేలు గవాహీ ఇచ్చాయి. అయితే ఆ తిండి నిజంగా సజాయే. ఎక్కువ రోజులు దాన్ని భరించగలిగినవాళ్లు తక్కువ.

ఈలోగా దవాలు వచ్చాయి. మన అస్‌రోల్, అదే సర్పగంధ వేరు, బీపీని దించుతుందని బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ 1949లో రాశారు. 1958లో థయజైడ్ మాత్ర బజారుకొచ్చింది. అన్నం-పండ్ల పథ్యం వెనకబడింది.

నా సవాల్‌కు జవాబ్ 1997లో దొరికింది. అమెరికాలో డాష్ అనే పరీక్షలో 459 మందికి వండిన తిండి ఇచ్చారు. ఉప్పు, బరువు మార్చలేదు. ఒక జట్టుకు కూరగాయలు, పండ్లు, కొవ్వు తక్కువ పాలు-పెరుగు పెంచి, కొవ్వులు తగ్గించారు. ఎనిమిది వారాల్లో, మామూలు తిండి తిన్న బీపీ మరీజులతో పోలిస్తే, వీళ్ల పై అంకె సగటున 11.4, కింది అంకె 5.5 ఎక్కువగా దిగాయి. 2001లో మళ్లీ చూస్తే, ఉప్పు కూడా తగ్గించినవాళ్లకు ఇంకా ఫాయిదా కనిపించింది.

అంటే మేం పని ఉల్టా మొదలుపెట్టాం. కంచంలోంచి తీసేశాం తప్ప ఏమీ కలపలేదు. ఇప్పుడు దాల్‌లో పాలకూర పడుతోంది. చింతపండు, నిమ్మ, వెల్లుల్లి, పుదీనా ఉప్పు లోటును కప్పుతున్నాయి. పూట పూటకూ పెరుగు, రోజూ పండు. ఇంటిల్లిపాదికీ ఒకటే హండీ, అమ్మీకి వేరే గిన్నె లేదు. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ఒక చిన్న చెంచా. అందులో అచార్, బిస్కెట్, పాపడ్‌ల హిస్సా కూడా లెక్కే.

రెండు ఎహ్‌తియాత్‌లు. తిండి మారిందని గోలీ మీ అంతట మీరు ఆపొద్దు. కిడ్నీ జబ్బున్నవాళ్లు పొటాషియం కలిపిన "తక్కువ ఉప్పు" పాకెట్లు, పండ్ల మోతాదు డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టొద్దు.

అమ్మీ ఇప్పుడు కంచం జరపడం లేదు. అచార్ డబ్బా మాత్రం అల్మారా పైనే ఉంది. జుమ్మా రోజు ఒక్క ముక్కకు ఇజాజత్.