రాత్రి ఆకాశము – మానవ నేత్రము

1940 నవంబరు 19వ తేదీ రాత్రి జాన్ కన్నింగ్‌హామ్ అను ఆంగ్ల వైమానికుడు ఒక జర్మను బాంబరు విమానమును చీకటిలో కూల్చెను. యుద్ధము ముగియులోపల ఆయన కూల్చిన విమానములు 20. అందు 19 రాత్రివేళ కూల్చినవే. పత్రికలవారు ఆయనకు 'పిల్లికన్నుల' కన్నింగ్‌హామ్ అని బిరుదు తగిలించిరి. క్యారట్ దుంపలు మెండుగా తినుటచే ఆయన చూపునకు ఆ పదును కలిగెనని ఒక కథ కూడ లోకమున వ్యాపించెను.

ఆ రహస్యము దుంపలలో లేదు, రాడారులో నున్నది. వెనుక కూర్చున్న సహచరుడు చిన్న తెరను చూచుచు కుడికనియు ఎడమకనియు దారి చెప్పుచుండగా, కన్నింగ్‌హామ్ శత్రువును సమీపించెడివాడు. కడపటి కొద్దిదూరము మాత్రమే కంటిపని. రాడారు సంగతి శత్రువునకు తెలియరాదు గనుక ఆ కథ అట్లే సాగినది.

అయినను ఆ కథ పూర్తిగా కల్ల కాదు. రేచీకటి మన యిండ్లలో ఎరిగిన జబ్బే. ఆహారమున విటమిన్ 'ఎ' కొరవడినచో మునిమాపువేళకే చూపు మందగించును. కారణమేమనగా, 1876లో ఫ్రాంజ్ బోల్ అను శాస్త్రజ్ఞుడు చీకటిలో నుంచిన కప్ప కంటి లోపలిపొర ఎఱ్ఱగా నుండుటయు, వెలుతురు సోకగనే ఆ రంగు వెలిసిపోవుటయు గమనించెను. 1933లో జార్జి వాల్డ్ ఆ పొరలో విటమిన్ 'ఎ' ఉన్నదని కనుగొనెను. 1967లో ఆయనకు నోబెల్ బహుమానములో భాగము లభించినది. ఆ రంగు తిరిగి కూడుకొనుటకు ఈ విటమిన్ కావలెను. అయితే కడుపునిండ తినువాడు ఎన్ని దుంపలు నమిలినను పిల్లి కాజాలడు.

కంటి లోపలిపొరలో రెండు తెగల కణములు గలవు. 1866లో మాక్స్ షుల్ట్జ్ వీని పనులను వేరుపరచి చెప్పెను. శంకువులవంటివి సుమారు 60 లక్షలు. ఇవి పగటి కాపరులు, రంగులు తెలుపునవి. దండములవంటివి సుమారు 12 కోట్లు. ఇవి రాత్రి కాపరులు, వీనికి రంగు తెలియదు. విచిత్రమేమనగా, మనము దేనినైన సూటిగా చూచునపుడు దాని రూపము పడుచోట దండములే లేవు. ఈ రాత్రి శ్రోతలు మేడపైకి పోయి మినుకుమను నక్షత్రము నొకదానిని నిలిపి చూడుడు: మాయమగును. చూపును కొంచెము ప్రక్కకు మరల్పుడు: మరల కానవచ్చును. రాత్రి విమానము నడుపువానికి మొదట నేర్పు పాఠములలో నిదియొకటి. కావలసినదానిని తేరిపార చూడరాదు!

దండములు చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు సుమారు అరగంట పట్టును. ఒక్క అగ్గిపుల్ల గీచిన చాలు, ఆ ఓపిక యంతయు వ్యర్థము. దండములు ఎఱుపు వెలుగునకు దాదాపు చలింపవు. కనుక రెండవ ప్రపంచయుద్ధ కాలమున వాల్టర్ మైల్స్ అను అమెరికను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఎఱ్ఱ అద్దముల కళ్లజోడు సూచించెను. అది తగిలించుకొని దీపముక్రింద చదువుకొనుచునే చీకటికి సిద్ధపడవచ్చును. ప్రాణవాయువు లోటును గూడ దండములు సహింపవు. పగలు బాధ తెలియని 5,000 అడుగుల ఎత్తుననే రాత్రి చూపు తగ్గనారంభించును.

ఇంతమాత్రమున కంటిని నిందింపరాదు. 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ అను మువ్వురు న్యూయార్కున జరిపిన ప్రయోగములో, దండములు అయిదు మొదలు పదునాలుగు కాంతికణములను గ్రహించిన చాలు, మనిషికి వెలుగు కనబడునని తేలినది. ఇంతకంటె సూక్ష్మమైన సాధనమును కోరుట అత్యాశ!

చిక్కు వేరొకచోట నున్నది. చుట్టును ఆధారములేని చీకటిలో కన్ను లేనిది చూచును. 1799లో హంబోల్ట్ టెనెరిఫ్ పర్వతముమీద నక్షత్రములు అటునిటు ఊగుచున్నట్లు చూచి, అది ఆకాశమున నిజముగా జరుగుచున్నదనియే తలచెను. 1945లో గ్రేబీల్, క్లార్క్ అనువారు ఈ భ్రాంతియే రాత్రి వైమానికులకు ముప్పు తెచ్చునని చూపిరి. ముందుపోవు విమానపు దీపమును కన్నార్పక చూచువానికి, నిలుకడగానున్న ఆ దీపము ప్రక్కకు జరుగుచున్నట్లు తోచును; వాడును దానివెంట తన విమానమును త్రిప్పబోవును.

దిగునపుడు మరియు ప్రమాదము. ముందు నల్లని నీరో నిర్మానుష్యమైన నేలయో, ఆవల ఊరి దీపములు: మబ్బులేని ఇట్టి రాత్రులలో అనుభవజ్ఞులు సైతము రన్‌వేకు ఇవతలనే నేల గుద్దుకొనుచుండిరి. 1960 దశకమున కాన్రాడ్ క్రాఫ్ట్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు కృత్రిమ విమానములో పైలట్లను కూర్చుండబెట్టి పరీక్షించెను. వారు ఎత్తున నున్నామని నమ్ముచునే క్రిందికి జారిపోయిరి. దీపములు చక్కగా కనబడుచునే యుండెను. ఎత్తును తెలుపు నేల మాత్రము కనబడలేదు.

నేడు పెద్ద రన్‌వేల ప్రక్కన నాలుగు దీపములు వరుసగా నుండును. రెండు తెల్లగను రెండు ఎఱ్ఱగను కానవచ్చినచో దిగుదారి సరియైనది. నాలుగును ఎఱ్ఱనైనచో విమానము మరీ క్రిందికి దిగినదన్నమాట. అపుడు పైలట్ తన కంటికి తోచిన ఎత్తును ప్రక్కకు నెట్టి విమానమును పైకెత్తును.