మాత్ర ఆపితే?

న్యూజిలాండ్ దక్షిణ కొసన డ్యునెడిన్ ఊరు. 1950ల నడిమి రోజులు. ఒటాగో వైద్య కళాశాల ప్రయోగశాలలో గినీ పందుల బోన్ల వాసన ముక్కుకు కొడుతోంది. డంకన్ ఆడమ్స్ సిరంజి పైకెత్తాడు. అందులో ఉన్నది గ్రేవ్స్ జబ్బు ఉన్న మనిషి సీరం. ఆ జబ్బు పట్టిందంటే గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ఎంత తిన్నా ఒళ్లు కరిగిపోతుంది. మెడలోని థైరాయిడ్ గ్రంథిని ఇంతగా రెచ్చగొడుతున్నదెవరు? పిట్యుటరీ గ్రంథి వదిలే టీఎస్‌హెచ్ మీదే అందరి అనుమానం. సూది దిగింది.

గినీ పంది థైరాయిడ్‌లో ముందే రేడియో అయొడిన్ నింపి ఉంచారు. గ్రంథిని ఎవరైనా కదిలిస్తే అది రక్తంలోకి ఒలుకుతుంది, కొలిస్తే తెలుస్తుంది. టీఎస్‌హెచ్ ఎక్కిస్తే కొన్ని గంటల్లో అంకె జివ్వున లేచి, మళ్లీ జారిపోతుంది. ఈసారి రక్తం తీసి, కొలిచి, రాసుకుని, మళ్లీ తీసి, అంకె ఇప్పుడు దిగుతుంది ఇప్పుడు దిగుతుందని కాచుకుంటే, దిగాల్సిన వేళ దాటిపోయినా అది పైపైకే పోతోంది. ఇది టీఎస్‌హెచ్ పని కాదు. మరెవరిది?

అప్పటికే ఆ ఊరికి థైరాయిడ్‌తో పాత లెక్క ఉంది. ఆవాల జాతి గింజలు మేపితే ఎలుకల మెడలు ఉబ్బడం హెర్బర్ట్ పర్వెస్ బృందం అక్కడే చూసింది. థయోయూరియా జాతి పదార్థాలు థైరాయిడ్‌ను అడ్డుకుంటాయని 1942లో అక్కడి కెనడీ రాశాడు. మరుసటి ఏడాది బోస్టన్‌లో ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ థయోయూరియా, థయోయూరాసిల్ రోగులకిచ్చాడు. కత్తి పెట్టకుండానే దడ తగ్గింది. వైద్యులు ఊపిరి పీల్చుకున్నారు. మాత్ర ఆపాక ఏమవుతుందో మాత్రం ముందుగా ఎవరూ చెప్పలేకపోయారు.

1956లో ఆడమ్స్, పర్వెస్ తాము చూసింది ప్రకటించారు. అది ఒంట్లోనే పుట్టిన యాంటీబాడీ అని 1960లలో తేలింది. టీఎస్‌హెచ్ కూర్చోవలసిన గ్రాహకం మీదే కూర్చుని థైరాయిడ్‌ను తరుముతుంది. మాత్ర ఇంట్లో గోల అణచగలదు, బయట తలుపు బాదేవాడు అక్కడే ఉంటే? ఆపాక మళ్లీ మొదలు. కానీ గినీ పందుల పరీక్షలో ఆ యాంటీబాడీ రోగులందరిలోనూ చిక్కలేదు. 1974లో న్యూకాజిల్‌లో రీస్ స్మిత్, హాల్ జంతువుల జోలికి పోకుండా, నేరుగా గ్రాహకం మీదే దాన్ని పట్టే పరీక్ష తెచ్చారు. అప్పుడు దొరికింది కొలబద్ద.

ఇవాళ ఏ ఊరి క్లినిక్‌లోనైనా వినిపించే మాట ఇది.

"ఏడాదిన్నర వాడాను కదా డాక్టర్ గారూ, రిపోర్టులన్నీ నార్మల్. ఆపేయనా?"

టీ3, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ల అంకెలు బాగానే ఉంటాయి. మాత్ర పనిచేస్తోందని అవి చెబుతాయి, జబ్బు పోయిందని చెప్పలేవు. ఆపినవాళ్లలో దాదాపు సగం మందికి తిరగబెడుతుంది, అదీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. అందుకే ఆపేముందు ట్రాబ్ అనే యాంటీబాడీ పరీక్ష చేయించాలి. డబ్బు దండగ అనుకునే చోట కూడా ఇది దండగ కాదు. డాక్టర్ ఆ పరీక్ష కాగితం మడత విప్పారు.

ట్రాబ్ ఎక్కువగా ఉంటే ఆపడం జూదం. తక్కువ మోతాదు కొనసాగించడమో, రేడియో అయొడినో, ఆపరేషనో తేల్చుకోవాలి. లేకపోతే ఆపొచ్చు, అయినా అది హామీ కాదు. నలభై లోపు వయసు, పెద్దగా ఉబ్బిన థైరాయిడ్ (గాయిటర్), మొదట్లో బాగా పెరిగిన టీ4, పొగతాగే అలవాటు ముప్పును పెంచుతాయి. వీటిలో వయసు, గాయిటర్, టీ4లతో పాటు ట్రాబ్‌నూ కలిపి, చికిత్స మొదలుపెట్టకముందే అంచనా వేసే స్కోరును డచ్చి వైద్యులు 2016లో ప్రకటించారు.

ఈ కాగితంలో ట్రాబ్ నెగటివ్ అని ఉంది. డాక్టర్ మాత్ర కొట్టేశారు.

"ఆరువారాలకి రక్తం ఇవ్వమ్మా, తర్వాత రెండు మూడు నెలలకోసారి. దడ వస్తే ఆ తేదీ దాకా ఆగొద్దు. పిల్లల కోసం చూస్తున్నారా?"

"చూస్తున్నామండీ."

"అయితే కాన్పయ్యాక తప్పకుండా రావాలి. జబ్బు మళ్లీ తలెత్తే ముప్పు అప్పుడు ఎక్కువ."